బుధవారం రెండింటి పదును: బెంగళూరులో ఉద్యోగం, మట్టి పని – నా అనుభవం

పోయిన బుధవారం మధ్యాహ్నం రెండింటికి నేను బెళ్ళందూరు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ కాల్‌లో ఉన్నాను. అదే సమయానికి మున్నెకొళాలలో మా ఇంటి బాల్కనీలో 14 కప్పులు పదునుకు వచ్చాయి. గోరుతో నొక్కితే గీత పడాలి, మట్టి చేతికి అంటకూడదు. కప్పుకు పిడి అతికించేది అప్పుడే. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి అంచులు తెల్లబడి ఉన్నాయి. ఆరిన కప్పుకు తడి పిడి అతికిస్తే అప్పటికి నిలుస్తుంది. పిడి ఆరుతూ కుదించుకుపోయేటప్పుడు అతుకు దగ్గర సన్నగా చీలుతుంది. పద్నాలుగింటినీ చిదిమి నీళ్ల బకెట్లో వేశాను. కాల్చనంతవరకూ మట్టి మట్టే కాబట్టి మళ్ళీ పనికొస్తుంది. పోయింది నా ఆదివారం.

ఈ పని మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం చేస్తూ టైం ఎక్కడ దొరుకుతుంది? టైం దొరుకుతుంది. ఫోన్ పక్కన పడేస్తే వారానికి పది గంటలు ఎవరికైనా దొరుకుతాయి. దొరకనిది ఆ బుధవారం మధ్యాహ్నం రెండింటి సమయం. మీటింగు వాయిదా వేయవచ్చు, మట్టి ఆరడం వాయిదా పడదు. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం 60 కప్పులు మిగిలేవి.

మొదటి క్లాసు 2023 జూన్ 10, శనివారం. ఇందిరానగర్ వైపు ఒక చిన్న స్టూడియో. ఎనిమిది క్లాసులకు 9,500 రూపాయలు, మట్టి, కాల్పు అన్నీ అందులోనే. వీల్ (కుమ్మరి చక్రం) మీద మట్టి ముద్దను సరిగ్గా మధ్యకు తేవడాన్ని అక్కడ సెంటరింగ్ అంటారు. వీడియోల్లో అది పది సెకన్ల పని. నాకు ఐదు వారాలు పట్టింది. ముద్ద అటూ ఇటూ ఊగుతుంటే చేతులు దానితో పాటు ఊగేవి. మేడం వచ్చి నా మోచేతిని తొడకు ఆనించి, "మట్టిని నెట్టకండి, మీరు కదలకుండా ఉండండి, అదే దారికి వస్తుంది" అన్నారు. ఆ రోజుకీ రాలేదు. ఆరో శనివారం అనుకోకుండా వచ్చింది. అరచేతుల మధ్య ముద్ద తిరుగుతోందా ఆగిందా అన్నట్టు ఉంది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, "సరే, ముందు ఆ గోళ్లు కడుక్కోండి" అంది.

అమ్మకు ఫోన్‌లో చెప్పినప్పుడు మాత్రం కాసేపు మాట లేదు. మాది చిత్తూరు దగ్గర పల్లె. "ఏం నాయనా, ఎంసీఏ చదివించింది కుండలు చేసేదానికా?" అంది చివరికి. కోపం కాదు, నిజంగానే అర్థం కాలేదు. నేను స్టూడియో భాషలో 'లెదర్ హార్డ్' అంటే ఏమిటో వివరించబోతే మధ్యలోనే ఆపి, "పదును మీద ఉండాల, అంతే కదా? దుక్కి దున్నేదానికైనా అంతే" అంది. రెండు నెలలు క్లాసులో కూర్చున్నా నాకు తట్టని మాట అది. అప్పటినుంచి నేనూ పదును అనే అంటున్నాను.

క్లాసులు అయ్యాక స్టూడియోలో నెలకు 4,000 కట్టి మెంబరుగా చేరాను. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు వీల్ వాడుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆఫీసు నుంచి ఏడింటికి ఇందిరానగర్ చేరడం అంటే మీకు తెలిసిందే. నవంబరు, డిసెంబరు రెండు నెలల్లో మొత్తం పదకొండు సార్లు వెళ్లగలిగాను. లెక్కేస్తే ఒక్కో గంట దాదాపు 500 పడింది. ఆ లెక్క చూసే 2024 జనవరిలో సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ వీల్ కొన్నాను. 24,000. బరువు 45 కిలోలు, మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైకి చేర్చిన ఇద్దరికి 600 ఇచ్చాను. వీల్ కొనేటప్పుడు ఇల్లు ఎన్నో అంతస్తో ఎవరూ అడగరు.

వీల్ ఇంటికొచ్చిన రెండో నెలకే ఊరంతా నీళ్ల కరువు. 2024 మార్చి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు కోసం రోజుల తరబడి ఎదురుచూపులు. తాగునీటితో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించింది. అలాంటి రోజుల్లో బాల్కనీలో కూర్చుని బకెట్టు నీళ్లతో మట్టి ఆడుతున్నవాడిని పక్కింటివాళ్లు ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. పైగా మట్టి పనిలో నీళ్లు మానెయ్యలేని చోటు ఒకటుంది. ఆరిన మట్టిని చీపురుతో ఊడవకూడదు. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. తడిగుడ్డతో తుడవాల్సిందే. మా పాపకు అప్పుడు ఏడేళ్లు, ఆ విషయంలో బేరం లేదు.

అప్పుడే మూడు బకెట్ల పద్ధతి పెట్టాను. మొదటి దాంట్లో చేతులు, పనిముట్లు. రాత్రంతా కదల్చకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైన తేటనీళ్లు రెండో దాంట్లోకి వంపుకోవాలి. అందులోంచి మూడో దాంట్లోకి వచ్చిన నీళ్లతో నేల తుడవడం. అడుగున మిగిలిన బురదను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక మీద పరిస్తే నీరు పీల్చుకుని మళ్ళీ మట్టి ముద్ద అవుతుంది. ఆ నెల మొత్తం నా పనికి పట్టిన కొత్త నీళ్లు వారానికి ఒక బకెట్టు. "ఈ బకెట్లు ఎప్పుడు పోతాయండీ ఇక్కణ్ణుంచి?" అని మా ఆవిడ అప్పుడు అడిగింది. ఇంకా అడుగుతోంది.

అయితే ఈ పద్ధతికి ముందు రెండు నెలలు నేను చేతులు సింకులోనే కడిగాను. దాని ఫలితం ఏప్రిల్‌లో వచ్చింది. కింద ఓనర్ అంకుల్ వాళ్ల బాత్రూంలోకి నీళ్లు ఎదురు తన్నాయి. ఆయన పాత బెంగళూరు తెలుగాయన, కోపం వచ్చినా సార్ అనే పిలుస్తారు. ప్లంబరు పైపు విప్పి తీసిన బూడిదరంగు ముద్దను పేపరు మీద పెట్టుకుని పైకి వచ్చారు. "ఏం సార్, మీ మన్నంతా మా పైపులో ఉండాదే!" ప్లంబరుకు 1,800 నేనే ఇచ్చాను. ఇల్లు ఖాళీ చేయమంటారని రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ఆంటీ వచ్చి తులసి కుండీ చేసిస్తావా అని అడిగారు. చేసిచ్చాను. అద్దె ఇంట్లో మట్టి పని చేయాలనుకునేవాళ్లు ముందు కుండీ ఇవ్వండి, తర్వాత వీల్ పెట్టండి.

ఆ ఎండాకాలమే పదును నన్ను బాగా ఏడిపించింది. వానాకాలంలో మూడు రోజులు పట్టేది మార్చిలో ఒక్క రాత్రికే ఆరిపోతుంది. మాకు మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు వెళ్లాలి, సోమ, శుక్రవారాలు ఇంటి నుంచే. శనివారం చేసినవి ఆదివారం మధ్యాహ్నానికి పదునుకు వచ్చేవి. సరిగ్గా ఆ పూట పెళ్లో, పాప క్లాసులో ఎవరో బర్త్‌డేనో. ప్లాస్టిక్ కవర్లు కప్పాను, ఒక పక్క ఆరి ఇంకో పక్క తడిగా ఉండి వంకర్లు తిరిగాయి. చివరికి దారి చూపించింది మారతహళ్లిలో ఒక పాత సామాన్ల కొట్టు. కంప్రెసర్ పోయిన ఫ్రిజ్ 800కు తెచ్చాను. కరెంటు పెట్టేది కాదు. తలుపు రబ్బరు గట్టిగా ఉంటే చాలు, లోపలి తేమ బయటికి పోదు. అడుగున తడి స్పాంజి పెట్టి కప్పులు పేర్చి మూసేస్తే వారం రోజులైనా మెత్తగానే ఉంటాయి. నేను పెట్టిన డబ్బులో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. పాప కూరగాయల ట్రేకు 'కప్పుల నిద్ర' అని స్టిక్కర్ అంటించింది. పోయిన బుధవారం పోయినవి ఈ ఫ్రిజ్‌లో పట్టక బయట పెట్టినవే.

కప్పులు కాల్చే బట్టీ, అంటే కిల్న్, నాకు లేదు. ఇంట్లో పెట్టుకోవాలని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అడిగాను. మా ఇంటికి ఉన్న లోడుతో కుదరదు, పెంచాలంటే మీటరు ఓనరు పేరు మీదే కాబట్టి కరెంటు సంస్థ బెస్కామ్‌కు ఆయనే దరఖాస్తు పెట్టాలన్నాడు. పైపు గొడవ అయిన నెలలోనే ఆ మాట అడిగే ధైర్యం నాకు లేదు. కాబట్టి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో అద్దెకు కాల్చిపెట్టే ఒకాయన దగ్గరికి మోసుకెళ్తున్నాను. పచ్చి కప్పు బిస్కెట్టులా ఇట్టే విరుగుతుంది. మొదటిసారి బబుల్ రాప్ చుట్టి ఆటోలో 19 తీసుకెళ్తే 13 చేరాయి. ఊడిన పిడుల్లో సగం చుట్టేటప్పుడు, విప్పేటప్పుడే ఊడాయి. ఇప్పుడు పాత పరుపు ఫోమ్‌లో గుంటలు కోసి, ఏమీ చుట్టకుండా కూర్చోబెట్టి, కారులో నేనే తీసుకెళ్తాను. ఆదివారం పొద్దున ఆరింటికి, సెకండ్ గేర్‌లో. వర్తూరు రోడ్డులో ఏ స్పీడ్ బ్రేకర్‌కు రంగు వేయలేదో నాకు కంఠతా వచ్చు.

ఎదురుచూపుల లెక్క ఎవరూ ముందు చెప్పరు. పచ్చివి పూర్తిగా ఎండటానికి వారం, వానల్లో రెండు వారాలు. తర్వాత కిల్న్ నిండేదాకా ఆగాలి, ఎందుకంటే ఆయన నలుగురైదుగురివి కలిపి కాలుస్తారు. అది ఇంకో రెండు వారాలు. మొదటి కాల్పు, అంటే బిస్క్, 950 డిగ్రీల దాకా. తెచ్చుకుని గ్లేజ్‌లో (కాలితే గాజులా మెరిసే పూత) ముంచి మళ్ళీ ఇవ్వాలి, రెండో కాల్పు 1,220 డిగ్రీలు. వేడెక్కడం ఒక రోజు, చల్లారడం ఒక రోజున్నర. సాయంత్రం చల్లారుతూ 250 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు, కొంచెం మూత తీసి చూద్దామని అడిగాను ఒకసారి. ఆయన మీటరు చూపించి, "573 దగ్గర మట్టిలో క్వార్ట్జ్ అనే ఖనిజం మారుతుంది, అది దాటింది, నిజమే. అయినా చల్లగాలి తగిలితే టింగుమని చీలతాయి. మీవి మీ ఇష్టం, లోపల మిగతావాళ్లవి కూడా ఉన్నాయి" అన్నారు. ఇంటికొచ్చేశాను. మొత్తమ్మీద ఒక కప్పు వీల్ మీద నుంచి చేతికి రావడానికి ఐదారు వారాలు. కిల్న్‌లో ఒక్కో షెల్ఫ్‌కు బిస్క్ కాల్పు 500, గ్లేజ్ కాల్పు 900.

కొబ్బరినూనె కథ కూడా చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున పాపకు తలంటాలని నూనె రాసి, చెయ్యి కడిగాననే అనుకుని, బిస్క్ అయిన పది గిన్నెలు గ్లేజ్‌లో ముంచాను. మూడు వారాల తర్వాత కిల్న్ లోంచి వచ్చిన వాటి మీద నీలం గ్లేజ్ మధ్యలో ఖాళీ మచ్చలు. దగ్గరగా చూస్తే నా బొటనవేలు, మూడు వేళ్లు, పట్టుకున్నది పట్టుకున్నట్టే. నూనె ఉన్నచోట గ్లేజ్ పట్టదు. అవి ఇప్పటికీ ఇంట్లో వాడుతున్నాం, ఒక్కటీ అమ్మలేను.

అమ్మడం అనగానే ఆఫీసు అనుమతి. మా ఆఫర్ లెటర్లో బయట ఏ వ్యాపారం చేసినా ముందు చెప్పాలని ఉంది. చాలామంది చెప్పరు. నాకు భయం ఎక్కువ, చెప్పాను. 2024 జూలై 3న ఫారం పెట్టాను. అందులో "పోటీ సంస్థ పేరు", "వాడే సాఫ్ట్‌వేర్" అని గడులు. మట్టి అని రాశాను. రెండుసార్లు గుర్తుచేశాక 26 రోజులకు జవాబు వచ్చింది: ఆఫీసు వేళల్లో చేయకూడదు, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకూడదు, ఆఫీసులో అమ్మకూడదు. మూడో షరతు వచ్చిన వారానికే మా మేనేజర్ పక్కకు పిలిచి రెండు కప్పులు కావాలన్నారు. ఊరికే ఇచ్చాను. అమ్మలేదు కదా.

2024 అక్టోబరు 20న ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో దీపావళి స్టాళ్లు పెట్టారు, నేనూ 2,000 కట్టి ఒక టేబుల్ తీసుకున్నాను. 46 పట్టుకెళ్లాను, అన్నీ కప్పులు, గిన్నెలు, చిన్న ప్లేట్లు. మొదటి గంటలో వచ్చిన ప్రతివాళ్లూ అడిగింది ప్రమిదలు. దీపావళి స్టాళ్లలో మట్టివాడి టేబుల్ మీద ప్రమిద లేదు! ఇంత చదువుకున్నవాడికి ఆ ఆలోచన రాలేదు. ఒకావిడ తెలుగులోనే, "పాటరీ టౌన్‌లో ఇదే సైజు చాలా చవగ్గా వస్తుంది కదండీ" అన్నారు. నిజమే. కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర పాటరీ టౌన్‌లో వాళ్లు తరతరాలుగా చేస్తున్నది, నేను నేర్చుకున్న ఏడాదిన్నర విద్యతో పోల్చేది కాదు. ఇది హై ఫైరు (ఎక్కువ వేడిలో కాల్చింది), స్టోన్‌వేర్, మైక్రోవేవ్‌లో పెట్టుకోవచ్చు అని ఏదో చెప్పాను. ఆవిడ వేలితో కప్పు అంచు మీటి, ఆ శబ్దం విని, ఏమీ అనకుండా రెండు తీసుకున్నారు. మొత్తం 27 అమ్ముడయ్యాయి, 13,400 వచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో యూపీఐ మెసేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను. జీతం మెసేజ్‌ను అలా ఎప్పుడూ చదవలేదు.

ఆ ఊపులో నవంబరులో ఒక కాఫీ షాపు ఆర్డరు ఒప్పుకున్నాను: 40 కప్పులు, ఒక్కొక్కటి 150 మిల్లీలీటర్లు, 320 చొప్పున, ఆరు వారాల గడువు. చక్కగా కొలత గ్లాసుతో కొలిచి 150 పట్టేలా మొదటి 12 చేశాను. కాలి వచ్చాక నీళ్లు పోస్తే 100కే నిండిపోయాయి. మట్టి ఎండి కాలేసరికి నూటికి 12 వంతులు కుదించుకుపోతుందని నాకు తెలుసు. ఎత్తులో 12, వెడల్పులో 12, అటు పక్క ఇంకో 12, మూడూ కలిస్తే లోపల పట్టేదాంట్లో మూడోవంతు పోతుందని మాత్రం కాగితం మీద ఎప్పుడూ వేసుకోలేదు. 150 కావాలంటే పచ్చిగా ఉన్నప్పుడు 220 పట్టాలి. రోజంతా లెక్కలతోనే బతికేవాణ్ణి, సిగ్గేసింది. షాపాయన మంచివాడు, "ఇవి ఎస్‌ప్రెస్సోకు ఉంచండి" అని తీసుకున్నాడు. మిగతా 28 చేసే వారమే ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ, రాత్రి రెండింటి దాకా కాల్స్. కాల్ మ్యూట్‌లో పెట్టి అడుగులు చెక్కాను. రెండో షరతు నిలుపుకున్నాను గానీ మొదటిది కాస్త అటూ ఇటూ అయింది. గడువుకు 17 రోజులు ఆలస్యంగా ఇచ్చాను. ఆ డిసెంబరులో మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు, తప్పు ఆమెది కాదు. ఆ తర్వాత 20 దాటిన ఆర్డరు ఏదీ ఒప్పుకోలేదు.

సంక్రాంతికి ఊరెళ్తూ పలమనేరు దగ్గర రోడ్డు పక్కన కుండలు, మట్టి బొమ్మలు పేర్చిన చోట కారు ఆపాను. ఏళ్లుగా దాటిపోయే చోటే, దిగింది అదే మొదటిసారి. పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. నా కప్పు ఒకటి ఇస్తే లోపల చూడలేదు. బోర్లించి, అడుగు చుట్టూ బొటనవేలు తిప్పి, అరచేతిలో తూచినట్టు రెండుసార్లు ఎగరేశారు. "అడుగు బరువుండాది సార్. ఇంకొంచెం మట్టి తియ్యొచ్చు" అన్నారు. ఏడాదిన్నరగా స్నేహితులు సూపర్ అనే అన్నారు గానీ ఈ మాట ఎవరూ అనలేదు. ఎంతకి అమ్ముతారు అని అడిగారు. 450 అనడానికి నోరు రాలేదు. 200 అన్నాను. ఆయన దగ్గర నీళ్ల కుండ ఒకటి కొని, చెప్పిన ధర ఇచ్చి వచ్చేశాను. అమ్మకు ఆ కుండ నచ్చింది. నా కప్పు షోకేసులో పెట్టింది.

డబ్బు లెక్క అడుగుతారు కాబట్టి: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా వచ్చింది 61,000 చిల్లర. మట్టి, గ్లేజు, కాల్పులు, పెట్రోలు, స్టాళ్లు, ప్లంబరు కలిపి పోయింది 54,000 దాకా. వీల్, క్లాసులు ఇందులో కలపలేదు, కలిపితే మాట్లాడుకోవడం అనవసరం. ఇంకో కొత్త సంగతి, వ్యాపారం కింద ఆదాయం వచ్చాక ఏటా నేనే వేసుకునే ఆదాయపు పన్ను ఫారం ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-4 వేయించడానికి ఆడిటరుకు 2,500. ఆయన ఫైలు మీద వ్యాపారం అన్నచోట 'పాటరీ' అని రాసుకుని, నా జీతం అంకె చూసి, మళ్ళీ నా మొహం చూశారు. ఉద్యోగం మానేస్తావా అని అడిగేవాళ్లకు ఆ చూపే జవాబు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో 22 గిన్నెలు ఉన్నాయి, అడుగులు చెక్కాలి. పెద్దాయన చెప్పినట్టు ఇంకొంచెం పలచగా. గురువారం మళ్ళీ రిలీజ్, శుక్రవారం ఇంట్లోనే ఉంటాను. ఈసారి స్పాంజి బాగా తడిపి, గిన్నెల మీద ఇంకో కవరు కప్పి తలుపు మూశాను. పొద్దున అమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడగలేదు. "పదును పోలేదు కదా నాయనా?" అంది.